యాడి టోప్లీలు తీసిన రోజు

పోయిన నెల ఇల్లు మారాం. భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లు దాటాక వచ్చే సందులో చాలా ఏళ్లు ఉన్న ఇల్లు అది. సామాను సర్దుతుంటే రేకుపెట్టె అడుగున, మా అమ్మ పాత ఓణీ కింద, ఖాకీ రంగు పెద్ద కవరు ఒకటి కనపడింది. తెరవకముందే అదేమిటో తెలిసిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయి లోపలి ఫిల్మ్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాను. అమ్మ తల. పొరలు పొరలుగా, వరుసకు నాలుగు బొమ్మలు. పై వరుస బాగానే ఉంది, కింది వరుస బాగానే ఉంది. నడిమి వరుసల్లో మాత్రం రెండు పక్కల నుంచీ తెల్లటి గీతలు దూసుకొచ్చి, సరిగ్గా చూడాల్సిన చోటునే చెరిపేశాయి. ఈ ఫిల్మ్ ఏ డాక్టరుకూ పనికిరాలేదు. దీన్ని పాడుచేసింది నేనే. స్కానింగ్ పని నేర్చుకుంటున్నదాన్ని, తెలిసి తెలిసి చేశాను. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నా మీద నాకు కోపం వస్తుంది.

మేం లంబాడీలం. మా భాషలో అమ్మను యాడి అంటాం. మా తండా తొర్రూరుకు అవతల, మిరప చేల నడుమ ఉండేది. ఇప్పుడు జనగామ ఒక జిల్లా, మహబూబాబాద్ ఒక జిల్లా, భూపాలపల్లి ఒక జిల్లా అయ్యాయి గానీ అప్పుడు ఇవన్నీ ఒక్క జిల్లాయే. ఏది కావాలన్నా వరంగల్ పోవాలి. యాడి పేరు ద్వాలి. నేను నిద్ర లేచేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతూ ఉండేది. రొట్టె చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు వినపడేది, గలగలమని. అది ఆమె టోప్లీలది. టోప్లీలంటే చెంపల పక్కన జుట్టు పాయలకు అల్లి వేలాడదీసే వెండి బుట్టలు, వాటి కింద చిన్న చిన్న మువ్వలు. కళ్లు తెరవకుండానే యాడి పొయ్యి దగ్గరుందో, గొడ్ల దగ్గరుందో, బయట ఎవరితోనైనా కొట్లాడుతోందో ఆ మువ్వలు చెప్పేవి. ఎండుమిరప ఘాటు, పిడకల పొగ, చింతపండుతో తోమిన వెండి వాసన, ఈ మూడూ కలిస్తే నాకు యాడి. ఇప్పటికీ ఎవరింట్లోనైనా చింతపండుతో వెండి తోముతుంటే నేను కాసేపు అక్కడే నిలబడిపోతాను.

టోప్లీలు పెళ్లయిన రోజు కడతారు. మొగుడు పోయిన రోజు తీస్తారు. నడుమ తీయరు. మా యాడి అయితే మరీ చాదస్తం. తలంటుకున్నా, తోముకున్నా ఒక పక్కది విప్పి, తోమి, మళ్లీ అల్లి కట్టాకే రెండో పక్కది విప్పేది. రెండూ ఒక్కసారి లేకుండా ఒక్క క్షణం కూడా ఉండేది కాదు. "రెండు దిక్కులా లేకుంటే మీ బాపుకు ఏమన్న అయితది" అనేది. బాపు నవ్వేవాడు. "నా పాణం గీ మువ్వలల్ల ఉన్నదా? అయితే నేను బువ్వ తినుడెందుకే?" అనేవాడు. ఆయన పేరు లచ్చిరాం. రోజూ పొద్దున రెండు గ్లాసుల చాయ్ తాగి, రేడియోలో వార్తలు విని, ఆ వార్తల మీద అందరితో తగువు పెట్టుకుని గానీ చేనుకు పోయేవాడు కాదు. తెలంగాణ ఉద్యమం ముదిరాక చేను యాడి మీద పడింది, ఆయన మీటింగుల మీద పడ్డాడు. ఏ ఊళ్లో ధర్నా అంటే ఆ ఊళ్లో ఉండేవాడు. యాడి తిట్టేది, తిడుతూనే రొట్టెలు మూటగట్టి ఇచ్చేది.

యాడికి బీపీ ఉండేది. తండాకు వచ్చే నర్సమ్మ గోళీలు ఇచ్చి రోజూ వేసుకోమని చెప్పింది. యాడి పది రోజులు వేసుకుని, "ఇప్పుడు మంచిగనే ఉన్న గదా" అని మానేసింది. తర్వాత తల నొచ్చినప్పుడు మాత్రం ఒకటి వేసుకునేది. నేనప్పుడు జనగామలో ఒక ప్రైవేటు స్కానింగ్ సెంటర్లో పని నేర్చుకుంటున్నాను. చేరి ఆరు నెలలైంది. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ గోళీల గురించి పోట్లాడేదాన్ని. "ఆర్నెల్లకే డాక్టరమ్మవైనావు" అని ఎగతాళి చేసేది. నేను కూడా విసుగొచ్చి వదిలేశాను. వదిలేయకుండా ఉండాల్సింది.

ఆ రోజు బంద్. సెంటర్‌కు తిరిగి పోవడానికి బస్సులు లేవు, నేను ఇంట్లోనే ఉన్నాను. బాపు మూడు రోజుల కిందట మహబూబాబాద్‌లో, అదే మా మానుకోటలో, రైలు పట్టాల మీద కూర్చోవడానికి పోయాడు. అక్కడ అందరినీ పోలీసులు వ్యాన్లలో ఎక్కించుకుపోయారని తెలిసింది గానీ ఏ స్టేషన్లో పెట్టారో, దెబ్బలు తగిలాయో ఏమో ఎవరూ చెప్పలేకపోయారు. యాడి ఆ మూడు రోజులూ సరిగ్గా తినలేదు. పొద్దున రొట్టె మాడిన వాసన వచ్చింది. మా ఇంట్లో రొట్టె మాడడం నేనెన్నడూ ఎరగను. పోయి చూస్తే యాడి పొయ్యి పక్కన ఒరిగిపోయి ఉంది. కుడి చేయి లేవలేదు, మూతి ఒక పక్కకు పోయింది, నన్ను చూసి ఏదో అనబోయింది గానీ నోట్లోంచి మాట కాకుండా ఒట్టి ధ్వని వచ్చింది.

కేక విని మా మేనత్త సక్రి పరుగెత్తుకొచ్చింది. ఆమె బాపుకు అక్క, తండాలో ఆమె మాటకు ఎదురు లేదు. "గాలి సోకింది" అంది. పక్షవాతానికి పావురం నెత్తురు రాయాలని ఎవరినో పంపి పావురాన్ని తెప్పించింది. నేను దాన్ని లాక్కుని బయట వదిలేశాను. ఆ రోజు నా వల్ల సంతోషపడ్డ ప్రాణి అదొక్కటే. ఈలోగా పక్క ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు బ్యాగుతో వచ్చాడు. మంచివాడే, మా తండాలో అందరికీ ఆయనే దిక్కు. చూసీ చూడగానే గోళీలు తీశాడు.

"మెదడుల నెత్తురు గడ్డ కట్టింది. గీ గోళీతోని పలచనైతది. జల్ది మింగియ్యి" అన్నాడు.

"వద్దు సార్. స్కానింగ్ కావాలె మొదాలు."

"స్కానింగ్ ఏంది? బంద్ ఉన్నది, ఏడికి తీస్కపోతవ్? ఆర్నెల్లు నేర్సుకొని నాకే చెప్తవా?"

"అవ్ సార్, చెప్తున్న. గడ్డ కట్టిందో, నరం పలిగిందో మీకు తెల్వదు, నాకు తెల్వదు. పలిగి ఉంటే గీ గోళీ ఇంకింత నెత్తురు కార్పిస్తది. ఫోటో చూడకుంట ఒక్క గోళీ కూడ మింగనియ్య."

నాకు ఆరు నెలల్లో గట్టిగా వచ్చిన పాఠం అదొక్కటే. బయటి నుంచి చూస్తే రెండు జబ్బులూ ఒకేలా ఉంటాయి. ఒకదానికి మందైనది రెండోదానికి విషం. చెప్పగలిగేది మెషిన్ ఒక్కటే. డాక్టరు మొహం మాడ్చుకున్నాడు గానీ, పోతూ పోతూ ఆటో శంకరన్నను ఆయనే పిలిచి పంపాడు. అది నేను మరిచిపోలేదు.

వరంగల్ పోయే రోడ్డు మీద చెట్లు నరికి అడ్డం వేశారని శంకరన్న చెప్పాడు. అందుకని జనగామకే పోదామన్నాను. నా సెంటరు, నాకు తెలిసిన మనుషులు. యాడి తల నా ఒళ్లో ఎత్తుగా పెట్టుకున్నాను, అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. దారిలో ఒక క్రాస్‌రోడ్డు దగ్గర వంటావార్పు జరుగుతోంది. రోడ్డు నడుమ రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, చుట్టూ వందల మంది. ఆటోను చూసి కుర్రాళ్లు అడ్డం వచ్చారు.

"బంద్ ఉన్నదని తెల్వదా? ఎటు వోతున్రు?"

నేను నోరు తెరిచేలోపు ఒక ముసలామె ఆటోలోకి తొంగి చూసింది. "అయ్యో, మనిషి పోయేటట్టున్నది, జరుగుండ్రి బిడ్డా!" అని అరిచి, ఉడుకుతున్న అన్నం గంజును ఇంకో ఇద్దరితో కలిసి దించింది. పొయ్యి రాళ్లు కాలితో తన్నింది. నిప్పులు అటూ ఇటూ ఎగదోసి ఆటోకు దారి చేశారు. ఒక కుర్రాడు సున్నంలో చేయి ముంచి ఆటో అద్దం మీద 'దవాఖాన' అని పెద్ద అక్షరాలు రాశాడు. ఆ తర్వాత తగిలిన రెండు అడ్డంకుల దగ్గర ఆ అక్షరాలు చూసి ఎవరూ ఆపలేదు. ఉద్యమం అంటే నాకు ఇప్పటికీ ఉపన్యాసాలు గుర్తుకు రావు, ఆ గంజు దించిన ముసలామె గుర్తుకొస్తుంది.

సెంటర్లో యాదగిరన్న ఒక్కడే ఉన్నాడు. నాకు పని నేర్పిన టెక్నీషియన్ ఆయన. యాడిని మెషిన్ బల్ల మీద పడుకోబెట్టి, చెవి పోగులు, ముక్కుపుల్ల తీశాం. "ఆ టోప్లీలు సుత తియ్యి" అన్నాడు. నేను చేయి పెట్టేలోపే అత్త నా మణికట్టు పట్టుకుంది.

"మా తమ్ముడు ఏడున్నడో తెల్వది. బతికున్నడో లేడో తెల్వది. నువ్వు గిప్పుడు టోప్లీలు తీస్తవా? వాణ్ని నీ చేతులార సంపుతవా?"

ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. ఆ భయం నాకూ పట్టుకుంది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి. ఆరు నెలలు ఆ గదిలో ఎందరి ఒంటి మీది సొమ్ములో తీయించిన దాన్ని, నా తల్లి టోప్లీల దగ్గరకు వచ్చేసరికి తండా పిల్లనైపోయాను. "అన్నా, పైకి ముడేసి గుడ్డ కడత. అడ్డం రావు" అన్నాను. యాదగిరన్న నా మొహం చూశాడు. "నీకు తెల్వదా, వెండి ఉంటే గీతలొస్తయని?" అన్నాడు. "ఫోటో వస్తది అన్నా, తీయి" అన్నాను. టోప్లీలను చెవుల పైకి ఎత్తి గుడ్డ చుట్టాను. అట్లా తీసిందే ఈ ఫిల్మ్.

తెర మీద మొదటి బొమ్మలు బాగానే వచ్చాయి. నడిమి పొరలు వచ్చేసరికి తెల్లటి మంట. పక్కనే ఉన్న నర్సింగ్ హోమ్ నుంచి యాదగిరన్న పిలిపించిన డాక్టరమ్మ తెర దగ్గరగా ముఖం పెట్టి చూసి, తల అడ్డంగా ఊపింది. "ఇందులో ఏమీ చెప్పలేనమ్మా. మళ్లీ తీయాలి." సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. జనరేటరు వేసి, మెషిన్ మళ్లీ వేడెక్కేదాకా ఆగాలి. ఆ ఆగిన సేపట్లో యాడి వాంతి చేసుకుంది. పిలిస్తే కళ్లు తెరిచేది కాస్తా తెరవడం మానేసింది. ఎడమ కంటి పాప కుడి దానికన్నా పెద్దదైంది. మెదడు వాచి, పుర్రెలో చోటు చాలక నొక్కుకుంటోందని దాని అర్థం. డాక్టరమ్మ గబగబా తల వైపు ఎత్తు పెంచి, వాపు తగ్గించే సెలైన్ ఎక్కించింది. "ఎక్కువ టైం లేదు" అంది నాతో. నేను పోగొట్టిన టైమే అది.

డ్రెస్సింగ్ ట్రేలో కత్తెర ఉంది. తీసుకున్నాను. అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి గుండెలు బాదుకుంది.

"అత్తా, బాపు ఏడున్నడో నాకు తెల్వది. యాడి గీడ ఉన్నది, నా కండ్ల ముంగట పోతున్నది. నీ శాపం నాకు తగలనీ. నేను తీస్తున్న."

పాయలు అల్లి ఉన్నాయి, విప్పే ఓపికా సమయమూ రెండూ లేవు. జుట్టుతో సహా కత్తిరించాను, కుడి పక్కది, వెంటనే ఎడమ పక్కది. యాడికి పెళ్లయిన నాటి నుంచి రెండు చెంపలూ బోసిగా ఉన్నది ఆ క్షణమే.

రెండోసారి బొమ్మలు శుభ్రంగా వచ్చాయి. ఎడమ పక్క లోపల తెల్లటి ముద్ద, చుట్టూ వాపు, మెదడు నడుమ తిన్నగా ఉండాల్సిన గీత విల్లులా వంగి కుడి పక్కకు జరిగింది. నరం చిట్లింది. ఆ గోళీ మింగి ఉంటే యాడి జనగామ దాకా కూడా వచ్చేది కాదని డాక్టరమ్మ అంది. ఆ మాట నాకు గర్వంగా అనిపించాల్సింది, అనిపించలేదు. మెడలో ఆ మొదటి ఫిల్మ్ వేలాడుతున్నట్టే ఉంది. డాక్టరమ్మ ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించి, ఫిల్మ్ నా చేతిలో పెట్టి, వరంగల్ పెద్ద దవాఖానకు పంపింది. అప్పటికి చెట్లు తీసేసి రోడ్డు ఒక పక్క వదిలారు.

అదే రోజు ఆపరేషన్ చేశారు. గుండు గీసి, పుర్రె ఎముక ఒక పలక తీసి, గడ్డను తోడేసి, వాపు పోయేదాకా మెదడుకు చోటు వదిలారు. ఆ ఎముక పలక పాడవకుండా యాడి పొట్ట చర్మం కింద దాచారు. అత్తకు ఈ సంగతి చెబితే, నాతో మాట్లాడనన్న పంతం కూడా మరిచిపోయి, "నెత్తి బొక్క కడుపుల వెట్టిన్రా?" అని నోరు తెరిచింది. తర్వాత మళ్లీ మూతి బిగించింది. రోజు విడిచి రోజు స్కాన్ తీసేవారు. ఆ వంగిన గీత ఇంత వెనక్కి వచ్చింది, ఇంకొంత వచ్చింది అని నేను ఫిల్మ్‌లు పక్కపక్కన పెట్టుకుని చూసుకునేదాన్ని. అక్కడే, ఆ వార్డు వరండాలో, ఈ పని వదలకూడదని నిశ్చయించుకున్నాను. బాగా నేర్చుకోవాలి, ఎవరి ఏడుపుకూ లొంగి చెడ్డ ఫోటో తీయకూడదు.

నాలుగో రోజు పోలీసులు వదిలితే బాపు వచ్చాడు. గడ్డం పెరిగి, భుజం కమిలి, చెప్పులు లేకుండా. అత్త ఆయన్ని చూసి లేచి, ముందు చెంప మీద ఒక్కటి కొట్టి, ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది. "బతికే ఉన్నవారా! బతికే ఉన్నవ్!" వార్డంతా మావైపే చూసింది. బాపు మంచం పక్కన కూర్చుని కట్టు కట్టిన యాడి తలను, బోసి చెంపలను చూశాడు.

"టోప్లీలేవి?" అన్నాడు.

"నేనే తీసిన బాపూ. కత్తెరతోని."

చేతిరుమాలులో మూటగట్టినవి తీసి ఇచ్చాను. ఇంకా వాటికి యాడి వెంట్రుకలు అంటుకునే ఉన్నాయి. బాపు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "సప్పుడు మంచిగనే ఉన్నది" అని చొక్కా జేబులో వేసుకున్నాడు. యాడి ఎముక ఆమె కడుపులో, ఆమె టోప్లీలు ఆయన జేబులో, మా ఇల్లు కొన్ని నెలలు అట్లాగే నడిచింది. బాపు మీటింగులో లేచి నిలబడితే మువ్వలు మోగేవి. "లచ్చిరామన్న లేసిండు, ఇగ తెలంగాణ వచ్చినట్టే" అని అందరూ ఆటపట్టించేవారు. ఎముక తిరిగి అతికించి, జుట్టు పెరిగి పాయ అల్లడానికి అందిన రోజున, ఆయనే కూర్చుని రెండు పక్కలా కట్టాడు. వంకరగా కట్టాడు. యాడి ఎడమ చేత్తో సరిచేసుకుంది. కుడి చేయి ఎన్నడూ పూర్తిగా రాలేదు, మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. బీపీ గోళీ మాత్రం రోజూ నా ముందే మింగేది.

రాష్ట్రం వచ్చింది. జిల్లాలు వచ్చాయి. ఇప్పుడు భూపాలపల్లిలో నేను పనిచేసే దవాఖానలోనే మెషిన్ ఉంది, అప్పటి దానికన్నా చాలా చురుకైనది. కాటారం నుంచో మహదేవపూర్ నుంచో పక్షవాతం మనిషి వస్తే, బల్ల దిగేలోపే బొమ్మలు వరంగల్ డాక్టరు ఫోన్లో ఉంటాయి. ఫిల్మ్ పట్టుకుని ఎవరూ పరుగెత్తక్కరలేదు. అయినా నాకు కోపం తెప్పించేది ఒకటి మిగిలే ఉంది. మెషిన్ దగ్గరికొచ్చింది గానీ మనుషులు ఇంకా దూరం నుంచే వస్తున్నారు. నూనె రాసి, పసరు పోసి, ఏదో గోళీ మింగించి, రెండో రోజు వస్తారు. నేను తిడతాను. తిట్టి, సొమ్ములు తీయమంటాను. తీసిన వాటిని ప్లాస్టిక్ ట్రేలో వేయను. మొగుడు పక్కనుంటే అతని చేతిలోనే పెట్టి, "జేబుల పెట్టుకో అన్నా, పైలంగ ఉంటయి" అంటాను. మొగుడు లేకపోతే బిడ్డ చేతిలో పెడతాను. ఆ తర్వాత ఎవరూ పేచీ పెట్టరు.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు బాపు గుండె ఆగి పోయాడు, చేను గట్టు మీద. తండా ఆడవాళ్లంతా యాడి చుట్టూ కూర్చున్నారు. టోప్లీలు తీయాల్సింది సక్రి అత్త, పెద్దరికం ఆమెది. అప్పటికి ఆమెకు చూపు సరిగ్గా లేదు. తడుముకుంటూ యాడి చెంప మీద చేయి వేసింది. యాడి ఎడమ చేత్తో ఆ చేతిని మెల్లగా పక్కకు పెట్టింది. నన్ను చూసింది. మా భాషలో, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ అంది.

"నువ్వు... తియ్యి. నీ చెయ్యి... మంచిది."

అత్త తన దగ్గరున్న కత్తెరను తడుముతూ నా చేతిలో పెట్టింది. "తియ్యి బిడ్డా. అప్పుడు సుత నువ్వే తీసినవ్" అంది.

కత్తెర కింద పెట్టేశాను. ఈసారి తొందరేమీ లేదు. యాడి వెనక కూర్చుని రెండు పక్కలా పాయ పాయా విప్పాను, చాలాసేపు పట్టింది. ఒక్క వెంట్రుక కూడా తెగలేదు.